పదో స్తంభం

ప్లెయిన్స్‌బరో,
మార్చి 9

ప్రియమైన అత్తకు,

నీ పర్సిస్ వందనాలు. ముందుగా నా దస్తూరీకీ, తప్పులకీ ఏమీ అనుకోకు. ఏడో తరగతి తర్వాత నేను పెన్ను పట్టింది నీ కుట్టు మిషన్ల దగ్గర జాకెట్ కొలతలు రాయడానికే. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక నాకు తోచిన చోట పెట్టేశాను. అర్థం కాని చోట నోటితో చదువుకో, తెలుస్తుంది.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుతావు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్‌లో పెట్టి మిషన్ మీద పడేస్తావు. కుట్టు నేర్చుకునే పిల్లలంతా "పర్సిస్ అక్కా, మంచు పడుతోందా?" అని అరుస్తారు. నేను "బాగున్నాను" అంటాను. ఇక్కడికి వచ్చిన ఏడాదిలో నీతో ఆ ఒక్క మాటే చెప్పాను.

బాగానే ఉన్నాను. మావారు జూడ్ గారు నెమ్మదస్తులు. వారంలో మూడు రోజులు ఇంట్లోంచే ఆఫీస్ పని చేస్తారు. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే నేను వంటింట్లో గిన్నె చప్పుడు కాకుండా తిరుగుతాను. ఈ అపార్ట్‌మెంట్ గోడలు వేలితో తడితే అట్టపెట్టెలా మోగుతాయి. ఆనుకుని కూర్చుందామంటే భయం.

పోయిన నెల మన తెలుగు చర్చి వాళ్లందరం నది అవతల, పెన్సిల్వేనియాలో ఒక పాత ఇల్లు చూడటానికి వెళ్లాం. దాని పేరు ప్లాస్ దెరూ. ఇంగ్లాండ్‌ను ఆనుకుని వేల్స్ అని ఒక చిన్న దేశం ఉందట, భాష కూడా వేరేనట. అక్కడ నాలుగు వందల ఏళ్ల కిందట కట్టిన ఇల్లు. ఇక్కడికి ఎలా వచ్చిందో నాకు సరిగా అర్థం కాలేదు, తెలుసుకుని రాస్తాను.

అత్తా, ఆ ఇంట్లో గోడలు బరువు మోయవు. మోసేదంతా చెక్కే. స్తంభాల మీద దూలాలు, దూలాల మీద వాసాలు. ఒక్క ఇనుప మేకు లేదు. స్తంభంలో తొర్ర తొలిచి, దూలం కొసను నాలుకలా చెక్కి అందులోకి దూర్చి, పక్కనుంచి చెక్క మేకు దిగ్గొట్టారు. చెక్కంతా నల్లగా, మధ్యలో గోడలు తెల్లగా సున్నం. ఒకచోట గోడను కోసి అద్దం పెట్టారు, లోపల ఏముందో చూడమని. ఏముందో తెలుసా? తడిక! పుల్లలతో అల్లిన తడిక మీద మట్టి, గడ్డి, ఆవు పేడ కలిపి మెత్తారు. పేడ అనగానే మన చర్చి పిల్లలు "ఈయూ!" అని ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం అద్దానికి ముక్కు ఆనించాను. వాసనేమీ రాలేదు.

పూర్వం ఆ ఇంటికి పొగ గొట్టం లేదట. హాలు మధ్యలో నిప్పు వేసుకునేవారట. ఆ మసి ఇంకా పై దూలాలకు పట్టి ఉంది. మన వంటింటి కప్పు కింద ఉండే మసే. తల ఎత్తి చూస్తుంటే ఏడుపు వచ్చేసింది. ఇల్లు చూపించే పెద్దావిడ గ్వెన్ నా చేతిలో టిష్యూ పెట్టింది. "కమ్ ఆన్ ట్యూస్‌డే" అంది. అప్పటినుంచీ మంగళవారాలు వెళ్తున్నాను. పక్క అపార్ట్‌మెంట్ పద్మజ గారు ఆఫీస్‌కి వెళ్తూ కార్‌లో దింపుతారు. పొడిగుడ్డతో స్తంభాలన్నీ తుడుస్తాను. ఆ రోజు ఒక్కటే నాకు వారంలో తొందరగా గడిచిపోతుంది.

నేను ఏడ్చానని మా అత్తగారికి తెలిస్తే ఊరంతా తెలుస్తుంది. జూడ్ గారు చిన్నబుచ్చుకుంటారు. అందుకని ఈ ఉత్తరం చదివి కాల్చెయ్యి.

నీ మేనకోడలు
పర్సిస్


చినపాలెం,
ఏప్రిల్ 2

పర్సిస్,

ఉత్తరం అందింది. కాల్చమన్నావు. మనింట్లో ఇప్పుడున్నది గ్యాస్ పొయ్యి. కాగితం పెడితే మసంతా బర్నర్‌లో పడుతుంది, దాన్ని బాగుచేయించడానికి మళ్లీ మనిషిని వెతకాలి. బైబిల్లో పెట్టాను, కీర్తనల మధ్య.

నీ దస్తూరీ బాగానే ఉంది. విషయమే బాగా లేదు. నిన్ను విమానం ఎక్కించింది పరాయివాళ్ల ఇంట్లో స్తంభాలు తుడవడానికా? మా అమ్మ దొరసాని బంగళాలో ఆయాగా చేసింది. ఆ గుడ్డ నా చేతికి రాకూడదనే నేను మిషన్ తొక్కాను, నీ చేతికి రాకూడదనే నీకు మిషన్ నేర్పాను. నువ్వేమో సముద్రాలు దాటి వెళ్లి అదే గుడ్డ పట్టావు. పైగా సంతోషమంటావు! ఊరుకోలేక జూడ్ వాళ్లమ్మకి ఫోన్ చేసి అడగాల్సినవి అడిగాను. "మీవాడి జీతం చాలడం లేదా?" అన్నాను. నువ్వు ఏడ్చిన సంగతి మాత్రం చెప్పలేదు.

ఇక్కడి సంగతి. కాలవగట్టు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మనింటి ముందు గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి వెళ్లారు. హాలంతా పోతుంది. మిషన్లు ఉన్న చోటు, అరుగు, సిలువ ఉన్న స్తంభం, అన్నీ గీతకి అవతలే. వెనక కొబ్బరి దొడ్డి మిగులుతుంది. ముందు భాగం తీసేస్తే వెనక భాగం నిలబడదంటున్నారు. విప్పి వెనక్కి జరపొచ్చు కదా అని అడిగితే, పాత ఇల్లు ఒకసారి విప్పాక మళ్లీ నిలబడదని ప్రతివాడూ చెప్పేవాడే. కలప షాపతను వచ్చి స్తంభాలన్నీ వేళ్లతో కొట్టి చూశాడు. "మంచి టేకు మేడం, కోత కోస్తే పలకలకి పనికొస్తుంది" అన్నాడు. పెళ్లిచూపులకి వచ్చినవాడిలా నవ్వు మొహం. సెప్టెంబర్ మొదట్లో రమ్మన్నాను. దొడ్లో రెండు గదుల స్లాబు వేసుకుంటాను. మిషన్లకి ఏ కప్పైతేనేం.

చెప్పేశాను కదా అని తేలిగ్గా ఉన్నాననుకోకు. ఆ గీత మీద ఇప్పటికి రెండుసార్లు సున్నం కొట్టాను.

నీ అత్త
వసంతకుమారి


ప్లెయిన్స్‌బరో,
మే 1

అత్తా,

అది ఎవరూ కాపురం ఉండే ఇల్లు కాదు! జనం టికెట్ కొనుక్కుని వచ్చి చూసే ఇల్లు. గ్వెన్ కూడా నాలాగే జీతం లేకుండా వస్తుంది. అక్కడ తుడిచేవాళ్లలో ఒకాయన రిటైరైన డాక్టర్. ఈ ముక్క మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటే ఇంత జరిగేది కాదు. నాకు రాయడం రాదు కదా.

నువ్వు ఫోన్ చేసిన వెంటనే మా అత్తగారు జూడ్ గారికి ఫోన్ చేశారు. ఆయన తెల్లబోయి నా ముందు నిలబడ్డారు.

"పర్సిస్, నువ్వు ఎక్కడన్నా పని చేస్తున్నావా? నీది డిపెండెంట్ వీసా. జాబ్ చేస్తే మనిద్దరికీ ప్రాబ్లం."

"జాబ్ కాదండీ. ఇల్లు తుడుస్తాను."

"ఎవరి ఇల్లు?"

"వేల్స్ వాళ్లది."

ఆ మాటతో ఇంకా భయపడ్డారు. తర్వాతి మంగళవారం సెలవు పెట్టి తనే డ్రైవ్ చేసి తీసుకెళ్లారు, కనుక్కుందామని. ఆ ఇంటి గుమ్మాలు పొట్టివి. గ్వెన్ "హెడ్!" అని అరిచేలోపే ఆయన నుదురు పైకమ్మికి తగిలింది. గ్వెన్ మంచుముక్కలు గుడ్డలో చుట్టి తెచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, "ఈ ఇంటికి నమస్కారం పెట్టకుండా ఎవరూ లోపలికి రాలేరు" అందట. ఆయనే తెలుగులో చెప్పి నవ్వారు. వీసా గురించి అడిగి, జీతం లేదు కాబట్టి ఫరవాలేదని తెలుసుకున్నాక, నేను తుడిచే స్తంభాలన్నీ చూపించమన్నారు. ఆయన అలా నన్ను ఏదైనా చూపించమని అడగడం అదే మొదలు.

ఇప్పుడు అసలు సంగతి విను. ఇల్లు ఒకసారి విప్పాక నిలబడదన్నావు. ప్లాస్ దెరూ నిలబడింది! వంద ఏళ్ల కిందట ఇక్కడ ఒక షావుకారు ఉండేవాడట. వాళ్లమ్మ వేల్స్‌లో ఆ ఇల్లున్న ఊళ్లోనే పుట్టింది. ఆ ఇల్లు కూలిపోబోతోందని విని కొనేసి, ముక్కలుగా విప్పించి, ఓడలో ఫిలడెల్ఫియాకి, అక్కడినుంచి రైల్లో ఇక్కడికి తెప్పించి, మళ్లీ నిలబెట్టించాడు. ఎలాగంటే, ప్రతి చెక్క మీదా అంకె ఉంది. అది షావుకారు వేయించింది కాదు. ఇల్లు కట్టిన మొదటి వడ్రంగులే వేశారు. వాళ్లు ముందు నేల మీద చెక్కలన్నీ పరిచి, ఒకదానిలో ఒకటి అమర్చి చూసుకుని, అతుకు దగ్గర ఉలితో గాట్లు పెట్టి, విప్పి, అప్పుడు ఇంటి చోట నిలబెట్టేవారట. ఒకటికి ఒక గాటు, రెండుకి రెండు. పదికి, పాత గడియారాల మీద ఉండేలా, ఒకదాని మీద ఒకటి అడ్డంగా రెండు గాట్లు. గాట్లన్నీ ఒకే వైపు ఉంటాయి, లోపలి గదుల వైపు. గ్వెన్ నా వేలు పట్టుకుని ఒక్కొక్కటీ తడిమించింది.

పది దగ్గర నా వేలు ఆగిపోయింది. మన హాల్లో సిలువ గుర్తొచ్చింది. నిలువు గాటు, దాని మీద అడ్డ గాటు, కొంచెం పక్కకి వాలి. అచ్చం అలాగే.

అత్తా, కోపం తెచ్చుకోకు. ప్రతి క్రిస్మస్‌కీ మనం సిలువ చుట్టూ వదిలేసి స్తంభాలన్నిటికీ సున్నం కొడతాం. ఆ సున్నం కింద ఏముందో మనం ఎప్పుడూ చూడలేదు. మిగతా స్తంభాల తల దగ్గర కొంచెం గీకి చూడవా? గాట్లుంటే మనిల్లు కూడా విప్పి నిలబెట్టేలా కట్టిన ఇల్లే. అప్పుడు కలప షాపతనికి ఇవ్వాల్సిన పని లేదు.

ఇది మాత్రం తప్పకుండా కాల్చెయ్యి. పాస్టరమ్మగారు నీ బైబిల్ తిరగేస్తే బాగుండదు.

పర్సిస్


చినపాలెం,
మే 28

పర్సిస్,

నువ్వు తుడిచేది మ్యూజియం అని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. జూడ్ వాళ్లమ్మకి ఫోన్ చేసి ఆ మాట చెప్పాను. "అయితే మావాడి జీతం చాలుతుందంటారా?" అంది. ఆ ఎత్తిపొడుపు నేను పడ్డాను, నీవల్ల.

ఆ తర్వాత రాసింది చదివి ఉత్తరం మడిచి పక్కన పెట్టాను. రెండు రోజులు ముట్టుకోలేదు.

అది అంకె అంటావా? మీ తాతయ్య బాప్తిస్మం తీసుకున్నాక చెక్కిన సిలువ అది. అది ఎందుకు వాలి ఉందో నీకు నడక రాకముందే చెప్పాను. ప్రభువు దాన్ని భుజాన మోస్తూ నడిచినప్పటి వాలు అది. ఉప్పెన వచ్చి చర్చి కప్పు లేచిపోయిన ఏడాది పాలెమంతా ఆ స్తంభం కిందే ఆరాధన చేసింది. మీ నాన్న పోయినప్పుడు నేను నిలబడటానికి పట్టుకున్నది దాన్నే. నువ్వు పెళ్లి బట్టలతో తల ఆనించింది దానికే. ఆ గాట్ల కింద చెక్క చూడు, చేతులు తగిలి తగిలి గిన్నెలా అరిగిపోయి ఉంటుంది. అంకెకి అరిగిందా అది?

మీ తాతయ్య అన్నీ వింతగానే మాట్లాడేవాడు. "ఈ ఇంటిని పడవలో తెచ్చాను" అనేవాడు. మేం నవ్వేవాళ్లం. తెప్పల మీద కలప తోలిన మనిషి, మాటలు కూడా అలాగే తోలేవాడు. కానీ సిలువ సంగతి మాత్రం ఆయన నవ్వుతూ చెప్పలేదు.

గీకమంటావు. గీకితే గాట్లు కనిపిస్తే ఏం చెయ్యాలో కూడా రాయాల్సింది. ఇల్లు దక్కుతుంది, సిలువ పోతుంది. గీకకపోతే ఇల్లు పోతుంది, సిలువున్న ముక్క కోయించుకుని స్లాబు గదిలో పెట్టుకుంటాను. నాకు రెండోదే నయం. షాపతనికి చెప్పాను, ఆ ఒక్క స్తంభం నాకు వదిలెయ్యమని. సరేనన్నాడు.

ఈ సంగతి మళ్లీ రాయకు. ఫోన్ కూడా చెయ్యకు. తుడుచుకో ఆ స్తంభాలు.

వసంతకుమారి


ప్లెయిన్స్‌బరో,
జూలై 6

అత్తా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. మళ్లీ రాయొద్దన్నావు కానీ రాయకుండా ఉండలేకపోయాను. సిలువ గురించి రాయను. నిన్ను బాధపెట్టాను. తెలిసీ తెలియని దాన్ని, చూసిన దాన్ని చూసినట్టు రాసేశాను. నన్ను క్షమించు.

మామూలు సంగతులే రాస్తాను. ఇక్కడ ఎండలు ముదిరాయి. జూడ్ గారు ఇప్పుడు నెలకొకసారి నాతో ప్లాస్ దెరూకి వస్తున్నారు. గుమ్మం దగ్గర నా కంటే ముందే వంగుతారు. మెట్ల కింద ఒక మూల కూర్చుని లాప్‌టాప్ తెరుస్తారు. మొన్న ఒక పిల్ల ఆయన్ని చూసి ఈయన కూడా పాత ఇంటి వస్తువేనా అని వాళ్లమ్మని అడిగింది!

పొయ్యి దగ్గర దూలం మీద కన్నీటి చుక్కల్లా కాలిన మచ్చలు ఉన్నాయి. దీపం ఎవరో అజాగ్రత్తగా పెట్టారని నేను అనుకున్నాను. కాదట. ఇంటికి నిప్పు అంటకుండా ఉండాలని, కావాలనే వెలుగుతున్న వత్తిని చెక్కకి ఆనించి పట్టుకునేవారట. నిప్పుతోనే నిప్పుని ఆపమని అడగడం. గ్వెన్ వాళ్ల నాయనమ్మ కూడా ఇల్లు మారిన రోజు ప్రార్థన చేసి అలా చేసిందట. చదువుకున్నవాళ్లు ఏమనుకున్నా ఆ మచ్చ మీద చెయ్యి వేయకుండా తను ఏ రోజూ తలుపు తాళం వెయ్యనని చెప్పింది. నాకు నువ్వు గుర్తొచ్చావు.

ఇంకొకటి. మెట్ల పక్క స్తంభానికి పక్క ముఖాన ఒక ఖాళీ తొర్ర ఉంది. అందులోకి ఏ దూలమూ రాదు. దుమ్ము చేరుతుందని నేను వేలికి గుడ్డ చుట్టి తుడుస్తుంటాను. దేనికని అడిగాను. ఖాళీ తొర్ర ఉందంటే ఆ స్తంభం ఒకప్పుడు వేరే వైపు తిరిగి ఉండేదని అర్థమట. రెండోసారి నిలబెట్టినప్పుడు దాన్ని ఎవరో తిప్పారు. ఎందుకు తిప్పారో ఎవరికీ తెలియదట. అంత పెద్ద ఇంట్లో నాకు ఆ తొర్రంటేనే ఇష్టం. తిప్పిన మనిషి ఏదో అనుకునే తిప్పి ఉంటాడు కదా.

సెప్టెంబర్ దగ్గరకొస్తోంది. మనిల్లు పడగొట్టే రోజు నేను అక్కడ ఉండను. అరుగు మీద మూడో మిషన్ దగ్గర కూర్చుంటే మధ్యాహ్నం ఎండ కాలవ నీళ్ల మీద పడి, మన కప్పు వాసాల మీద అలలు అలలుగా కదిలేది. జాకెట్ చేతులు కుడుతూ ఎన్నిసార్లు తల ఎత్తి చూసి సూది గుచ్చుకున్నానో. ఆ వెలుగు ఏ షాపతనూ పట్టుకుపోలేడు కానీ, పడటానికి దానికి వాసాలు ఉండవు. నాకోసం ఒక మధ్యాహ్నం అక్కడ కూర్చో.

చదివాక కాల్చెయ్యి. చదవకుండా మాత్రం కాల్చకు.

పర్సిస్


చినపాలెం,
సెప్టెంబర్ 21

పర్సీ,

ఇది తీరిగ్గా చదువు.

నీ జూలై ఉత్తరం వర్షాల్లో ఎక్కడ తిరిగిందో, ఆగస్టు చివరికి చేరింది. అది రాకముందే నేను గీకాను. నువ్వు చెప్పావని కాదు. రోజూ మిషన్ ముందు కూర్చుంటే ఎదురుగా రెండో స్తంభం. దారం ఎక్కిస్తూ దాన్నే చూసేదాన్ని. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక స్టూలు వేసుకుని, కత్తెర మొనతో, వంటింటి వైపు గీకాను. సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచింది. రెండు గాట్లు. మూడో దానికి మూడు. ఐదో దానికి ఏటవాలుగా ఒక పెద్ద గాటు. తొమ్మిది దాకా గీకి స్టూలు మీదే కూర్చుండిపోయాను. పదోది గీకక్కర్లేదు కదా.

నీమీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. షాపతనికి ఫోన్ చేసి, ఆ స్తంభం కూడా నువ్వే పట్టుకుపో, నాకేం అక్కర్లేదన్నాను. ఆ వారం స్తంభాన్ని ముట్టుకోలేదు. హాల్లోంచి వెళ్లాల్సి వస్తే అరుగు దిగి చుట్టూ తిరిగి వెళ్లాను. పిల్లలు "మేడం, వంటింటికి వీధిలోంచి వెళ్తున్నారేంటి?" అని నవ్వారు.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. నిప్పు మచ్చల సంగతి చదివి ఊరుకున్నాను. ఖాళీ తొర్ర సంగతి దగ్గర ఆగి మళ్లీ చదివాను. లేచి వెళ్లి చూశాను పర్సీ. తొమ్మిది స్తంభాలకీ గాట్లు వంటింటి వైపు ఉన్నాయి. పదోదానికి ఒక్కదానికే హాలు వైపు ఉన్నాయి.

మన సంఘంలో వడ్రంగి పని చేసే సుందర్ రాజ్‌ని పిలిచాను. నిచ్చెన ఎక్కి ఆ స్తంభం తల చుట్టూ సున్నమంతా గీకాడు. పక్క ముఖాన ఒక చోట చెక్క రంగు వేరేగా ఉంది. చిన్న సుత్తితో కొట్టాడు. "అక్కా, ఇది అతుకు. తొర్రని చెక్కముక్కతో పూడ్చారు" అన్నాడు.

"అంటే?"

"అంటే ఈ స్తంభం ముందు ఇలా లేదు. దూలం ఈ పక్కనుంచి వచ్చేది. దీన్ని అటు ముఖం ఇటు తిప్పి, వేరే వైపు కొత్త తొర్ర తొలిచి నిలబెట్టారు. తొలిచిన చెయ్యి కూడా పనివాడిది కాదు. చూడు, ఎంత మొరటుగా ఉందో. ఇంత టేకుని ఊరికే ఎవరూ తొలవరు."

"ఇల్లు ఇక్కడ కట్టినప్పుడే తప్పు పెట్టి సరిచేసుకున్నారేమో?"

"కాదక్కా. పాత తొర్ర అంచులు నలిగి ఉన్నాయి. దాంట్లో దూలం చాలా ఏళ్లు కూర్చుంది. ఈ ఇల్లు ఇంతకు ముందు ఇంకెక్కడో నిలబడింది."

పడవలో తెచ్చానన్నాడు మీ తాతయ్య! గోదావరి కోసుకుపోయిన లంకలో వాళ్లిల్లు ఉండేదని మాకు తెలుసు. ఆ ఇల్లు నీళ్లలో పోయిందనుకున్నాం. పోలేదు. ఇదే ఆ ఇల్లు. ఎవరో వడ్రంగులు పెట్టిన గాట్లు చూసుకుంటూ ఆయన విప్పాడు, పడవలో వేసుకొచ్చాడు, చూసుకుంటూ నిలబెట్టాడు. తొమ్మిదింటిని గాట్లు చెప్పినట్టే పెట్టాడు. అప్పటికి బాప్తిస్మం అయి ఎన్నాళ్లో కాలేదు. పదోది చేతికొచ్చేసరికి దాని మీద సిలువలా ఉన్న గాట్లు వంటింటి వైపు పోతాయని, హాల్లోకి కనిపించవని, తిప్పాడు. తనకి రాని పనైనా ఉలి పట్టుకుని కొత్త తొర్ర తొలిచాడు.

నువ్వు చెప్పింది నిజమే. అది పది. నేను చెప్పింది కూడా నిజమే. ఆయన దాన్ని చెక్కలేదు, అంతే. తిప్పాడు.

సుందర్ రాజ్ ముందు ఏడవకూడదని వంటింట్లోకి వెళ్లాను. ఈసారి హాల్లోంచే వెళ్లాను.

షాపతను లారీ తెచ్చాడు. "మాటంటే మాటే కదా మేడం" అన్నాడు. "మాటే. మా నాన్న మాట ముందుది" అన్నాను. లారీ ఖర్చు ఇచ్చి పంపాను. సుందర్ రాజ్, ఇంకో నలుగురూ కలిసి ఇల్లు విప్పారు. ప్రతి వాసానికీ, దూలానికీ కొత్తగా గాట్లు పెట్టించాను, నా కళ్లముందే. కొబ్బరి దొడ్లో నిలబెట్టారు. స్లాబు మాట మానేశాను.

అన్నీ దక్కలేదు. అరుగు పోయింది. కాలవ కనిపించదు, నువ్వు రాసిన వెలుగు ఇక వాసాల మీద పడదు. విప్పే ముందు రోజు మధ్యాహ్నం మూడో మిషన్ దగ్గర కూర్చున్నాను. ఆ వెలుగు చాలాసేపు పడింది. నాలుగు స్తంభాలకి మొదళ్లు చెదలు తినేశాయి, కోయాల్సి వచ్చింది. వాటికి సమంగా మిగతావన్నీ కోశారు. దాంతో కప్పు కిందికి దిగింది. ఇప్పుడు మనింట్లోకి కూడా వంగే రావాలి. జూడ్‌కి చెప్పు, నుదురు జాగ్రత్త అని.

పదో స్తంభం నిలబెట్టేటప్పుడు సుందర్ రాజ్ అడిగాడు. "అక్కా, పాత తొర్రే గట్టిది. మొదట ఉన్నట్టు పెట్టమంటావా, మీ నాన్న పెట్టినట్టు పెట్టమంటావా?"

నేనేమన్నానో నీకు రాయక్కర్లేదు.

నీ అత్త

ఉత్తరం కాల్చమన్నావు. గ్యాస్ పొయ్యి అని ముందే చెప్పాను.


ప్లెయిన్స్‌బరో,
అక్టోబర్ 14

అత్తా,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. పద్మజ గారి కార్‌లో చదవడం మొదలుపెట్టాను, ప్లాస్ దెరూ వాకిట్లో పూర్తయింది. పద్మజ గారు "ఏమైంది పర్సిస్, అంతా ఓకేనా?" అని కంగారుపడ్డారు. మా అత్త ఇల్లు నిలబడిందని చెప్పాను. "కట్టించారా?" అన్నారు. ఏం చెప్పాలో తెలియక తలూపాను.

ఆ రోజు గ్వెన్‌కి గొంతు బాగాలేదు. చూడటానికి పదిమందిదాకా వచ్చారు. మెట్ల పక్క స్తంభం దగ్గరికి రాగానే ఆమె నావైపు చూసి, గొంతు చూపించి, చెప్పమన్నట్టు చెయ్యి ఊపింది. నీకు తెలుసు కదా, సండే స్కూల్లో కంఠత వాక్యం చెప్పమంటే కూడా నీ చీర వెనక దాక్కునేదాన్ని. వచ్చీరాని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఇది ఖాళీ తొర్ర, ఈ స్తంభాన్ని ఎవరో తిప్పారు, ఎందుకో తెలియదు అన్నాను. రోజూ గ్వెన్ అక్కడితో ఆపేస్తుంది. నేను ఆపలేదు. ఇండియాలో మా అత్త ఇంట్లో కూడా ఇలాంటి స్తంభం ఒకటి ఉంది, దాన్ని ఎందుకు తిప్పారో మాకు తెలుసు అన్నాను.

ఎందుకని ఒకాయన అడిగాడు. చెప్పాను అత్తా. పడవ, లంక, పది, అన్నీ. మాట దొరకని చోట చేతులతో చూపించాను. చెప్పడం అయ్యాక ఒక ముసలాయన ముందుకొచ్చి, టోపీ తీసి, ఆ ఖాళీ తొర్రలో వేలు పెట్టి చూశాడు. గ్వెన్ గొంతు బాగాలేకపోయినా, ఇకనుంచి ఈ స్తంభం దగ్గర నువ్వే మాట్లాడాలి అంది.

జూడ్ గారికి నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. ఏడ్చిన సంగతితో సహా నా మొదటి ఉత్తరంలో ఏం రాశానో కూడా చెప్పాను. "అప్పుడే నాతో చెప్పొచ్చు కదా" అన్నారు. "మీ చెవులకి హెడ్‌ఫోన్స్ ఉన్నాయి కదండీ" అన్నాను. నవ్వారు కానీ, తీసి బల్ల మీద పెట్టారు. వేసవిలో టికెట్లు బుక్ చేద్దామంటున్నారు.

మేం వచ్చేలోపు నువ్వు ఒక పని చెయ్యాలి. ఈ క్రిస్మస్‌కి స్తంభాలకి సున్నం కొట్టేటప్పుడు ఆ తొమ్మిదింటి గాట్ల చుట్టూ కూడా వదిలెయ్యి. రేపు ఇంకెవరైనా ఆ ఇంటిని జరపాల్సి వస్తే వెతుక్కోకూడదు.

దస్తూరీ ఈసారి ఇంకా గజిబిజిగా ఉంది, కారు కదులుతుండగా రాశాను. ఒత్తులన్నీ నీకు తెలిసిన చోట పెట్టుకో. ఈ ఉత్తరం కాల్చమని అడగను. పాస్టరమ్మగారు చూస్తే చూడనీ, పిల్లలకి స్పీకర్‌లో పెట్టినట్టు గట్టిగా చదివి వినిపించినా సరే. ఆ తర్వాత కీర్తనల మధ్య పెట్టు, మిగతా వాటితో.

పదో స్తంభాన్ని నాకోసం ఒకసారి పట్టుకో.

నీ పర్సీ